తొంభై నడుస్తోంది

మయూర్ విహార్, ఢిల్లీ
2 మార్చి 1997

అన్నయ్యకి మాణిక్యం నమస్కారాలు.

ఇక్కడ ముగ్గురం క్షేమం. నేను, మనవడు కిరణ్‌కుమార్, వాడి భార్య ప్రవల్లిక. చలి తగ్గింది గాని నా మోకాళ్ల నొప్పులు తగ్గలేదు. అంతకు మించి రోగమూ లేదు, రొష్టూ లేదు. అక్కడ నువ్వెలా ఉన్నావో సంక్రాంతి ముందు నుంచీ ఒక్క ముక్క లేదు. కూతురు హైమవతి వేసిపెట్టే పెసరట్లు తింటూ చెల్లెల్ని మర్చిపోయావని అనుకుంటున్నాను.

అసలు సంగతికి వస్తాను. నా మీద పరిశోధన చేస్తున్నారు. నవ్వకు. వైశాలి అని ఒక పిల్ల ఉంది. వాళ్ల నాన్న విజయనగరం వైపు మనిషి, మిలిటరీలో చేసి రిటైరై జనక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాడు. పిల్ల కంటోన్మెంటుల్లోనే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం సగం హిందీ. ఇక్కడ ఒక ఆస్పత్రిలో చేరి, మనిషికి ముసలితనం ఎందుకొస్తుందని పరిశోధిస్తోంది. ముసలితనానికి మందు కోసం కాదట, ఎందుకొస్తుందో తెలుసుకోవడానికట. నాకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. వాన ఎందుకు పడుతుందని చిన్నప్పుడు నిన్ను అడిగి చంపేదాన్ని గాని, ముసలితనం ఎందుకొస్తుందని ఒక్కనాడైనా అడిగానా?

తొంభై నడుస్తున్న తెలుగు ముసలమ్మ ఉందని ఎవరో చెబితే రెండు బస్సులు మారి వచ్చింది. ఒక యంత్రం చేతికిచ్చి, "అమ్మమ్మగారూ, దీన్ని జోర్‌సే నొక్కండి" అంది. పిడికిలి బలం కొలుస్తారట. నొక్కాను. అచ్ఛా అని కళ్లు పెద్దవి చేసింది. ఒంటికాలి మీద నిలబడమంది, నిలబడ్డాను. గుర్తున్న జంతువుల పేర్లు గబగబా చెప్పమంది. పునుగుపిల్లి దాకా వెళ్లేసరికి దానికి రాసుకోవడానికి చెయ్యి ఆడలేదు. డెబ్బై ఐదేళ్లవాళ్ల బలం ఉందంది. తర్వాత రక్తం తీసింది. మన ఒంట్లో కణం ఒకటి రెండవుతూ పోతుందట, యాభై సార్ల దాకా అలా చీలి ఆ తర్వాత ఆగిపోతుందట. నా రక్తం అందుకోసమేనట.

ఇందులో ఒక పేచీ ఉంది. తొంభయ్యో ఏట అడుగు పెట్టినవాళ్లనే తీసుకుంటారు. నాకు ప్లవంగ మాఘంతో ఎనభై తొమ్మిది నిండాయి కదా, సరిపోయింది. కాని కాగితం అడిగారు. మనకి బర్త్ సర్టిఫికెట్లు ఎక్కడివి, జాతకం ఏ వరదలో పోయిందో. అలాంటప్పుడు చిన్నప్పుడు చూసిన మనిషి సాక్ష్యం చెప్పినా చాలట. తోకచుక్క వచ్చినప్పుడు నాకు రెండేళ్లు దాటాయి, దాన్ని చూసి "చీపురు ఎవరు పారేశారు?" అన్నానని వాళ్లకి చెప్పాను. అమ్మ పోయేదాకా ఆ మాట చెప్పి నన్ను ఏడిపించేది కదా. ఆ పొద్దున నువ్వూ పక్కనే ఉన్నావు. కాబట్టి నువ్వు చూసింది నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టు. వైశాఖం లోపల అందాలి. తొంభై మూడో ఏట ఉన్న అన్నగారు కూడా ఉన్నాడని తెలిసి ఆ పిల్ల గంతులేసింది. నీ రక్తం కూడా కావాలట, కాకినాడలోనే తీయిస్తారట.

చెల్లెలు,
మాణిక్యం

కాకినాడ
16 మార్చి 1997

చిరంజీవి మాణిక్యాన్ని కోదండరామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం హైమవతి చదివింది, నమ్మకం చాలక కళ్లద్దాలు మార్చుకుని నేనూ చదివాను. ఏమిటే ఈ వేషాలు? ఆస్పత్రివాళ్లు ఊరికే ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతారా? యాభై అయ్యాక ఆగిపోతుంది అన్నారంటే ఏమిటి దాని అర్థం? యాభై రోజులా? నీకు ఏదో జబ్బు పట్టుకుంటే, పరిశోధన అని పేరు పెట్టి ఆ మనవడూ వాడి పెళ్లామూ నీ దగ్గర దాస్తున్నారని నా అనుమానం. నలభై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి. ఎదుటివాడు మాట మింగితే నాకు తెలుస్తుంది. కిరణ్‌కుమార్ చేత ఉన్నదున్నట్టు నాకు వెంటనే రాయించు.

ఇక నా రక్తం మాట. ఇవ్వను. నా ఒంట్లో ఉన్నదే కాస్త, అది దోమలకే చాలడం లేదు. సాక్ష్యం కూడా రాయను. పైకి చెప్పకూడనివి తొమ్మిది ఉన్నాయని పెద్దలు చెప్పారు, వాటిలో మొదటిదే ఆయువు. డబ్బూ, ఇంటి గుట్టూ కూడా దాని తర్వాతే. వయసు లెక్కపెట్టి నలుగురికీ చెప్పుకుంటే దిష్టి తగులుతుంది. నీకు ఎన్నేళ్లయితే ఎవరికి కావాలి? అన్నం సయిస్తోందా, నిద్ర పడుతోందా, అంతే.

నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే వీధి చివరి దాకా నడిచి వస్తాను. పళ్లు ఉన్నవి నాలుగే, అవీ ఒకదానికొకటి తగలవు. పెసరట్లు మానేసి చాలా కాలమైంది, నీ ఎత్తిపొడుపు వృథా. ఆ రక్తాల గోల వెంటనే మానెయ్యి.

ఆశీస్సులతో,
అన్నయ్య

మయూర్ విహార్
12 ఏప్రిల్ 1997

అన్నయ్యకి,

క్రోధి నామ సంవత్సరంలో పుట్టినవాడివి, ఈశ్వర వచ్చినా ఆ కోపం దిగదు. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఇక్కడ మదర్ డెయిరీ వెనక చెట్టు నుంచి ప్రవల్లిక కోసుకొచ్చింది. నీ ఉత్తరమే దాని కన్నా చేదుగా ఉంది.

నాకు జబ్బు లేదు. కిరణ్ రెండు ముక్కలు రాసిచ్చిన కాగితం ఇందులో పెట్టాను చూడు, వాడు నెహ్రూ ప్లేసులో కంప్యూటర్లు చూసుకునేవాడు, నాటకాలు ఆడటం రాదు. యాభై అన్నది రోజులు కావు. కణం లోపల పోగుల్లాంటివి ఉంటాయట. చీర కొంగు పోగులు ఊడిపోకుండా చివర కుచ్చుముడులు వేసుకుంటాం కదా, వాటికీ చివర అలాంటి ముడులుంటాయట. కణం చీలినప్పుడల్లా ముడి కాస్త అరుగుతుంది. బాగా అరిగిపోయాక ఇక చీలదు. నా ముడులు ఇంకా ఎంత మిగిలాయో చూడటానికి రక్తం. తెలుసుకోవాలని నీకు అనిపించదా? నాకైతే రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన.

ఇంకా చాలా చెప్పింది. ఎలకలకి తిండి తగ్గించి పెడితే ఎక్కువ కాలం బతికాయట. నా ఏకాదశులన్నీ అలా కలిసొచ్చాయేమో అన్నాను, "హో సక్తా హై అమ్మమ్మగారూ, అయ్యుండొచ్చు" అని రాసుకుంది. కంటికి ఆనని ఒక పురుగులో ఒక్కటంటే ఒక్క మార్పు వస్తే రెండింతలు బతికిందట. రెండింతలు బతికి ఆ పురుగు ఏం చేసుకుంటుందని అడిగాను. పిల్ల పడిపడి నవ్వింది. కొన్ని చేపలూ తాబేళ్లూ ముసలివవుతున్నట్టే కనబడవట. మరి మనమెందుకవుతామని అడిగితే, అది తెలిస్తే నా పరిశోధన అయిపోయినట్టే అంది.

మొన్న సాయంత్రం కరెంటు పోయింది. అందరం మేడ మీదకి వెళ్లాం. వాయవ్య మూల తోకచుక్క కనబడింది. పేపర్లో రోజూ రాస్తున్నారుగా, అదే. పక్కింటి సర్దార్జీ వాళ్ల పిల్లలకి చూపిస్తున్నాడు. నేనూ తేరిపార చూశాను. నిజంగా చీపురులాగే ఉంది అన్నయ్యా. రెండేళ్లప్పుడు అన్నమాట ఇన్నాళ్లకి నాకే మళ్లీ తోచింది. అప్పటిది గుర్తొస్తుందేమోనని కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాను. ఏమీ రాలేదు. మీరందరూ చెప్పిన మాటలే వచ్చాయి.

నువ్వు సాక్ష్యం ఎందుకు రాయవో నాకు అర్థమైంది, చెప్పమంటావా? చెల్లెలికి పేరొస్తుందని ఓర్వలేకపోతున్నావు. వైశాలి వాళ్ల పత్రికలో నా ముచ్చట రాస్తుందని తెలిసి నీ కడుపు మండుతోంది. చిన్నప్పుడు పాఠం నాకు ముందు వస్తే పలక పగలగొట్టినవాడివే. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, ఉండు అలాగే. కాని అడక్కపోతే అమ్మైనా పెట్టదు కనుక మళ్లీ అడుగుతున్నాను. నాలుగు వాక్యాలు రాయి. లేకపోతే నన్ను ఆ పరిశోధన నుంచి తీసేస్తారు. ఈ వయసులో నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగే మనిషి ఇంకొకరు నాకు దొరకరు. ఆ పిల్ల రావడం మానేస్తే ఇంట్లో అందరూ పనుల మీద పోయాక నేను ఎవరితో మాట్లాడను?

మాణిక్యం

కాకినాడ
29 ఏప్రిల్ 1997

మాణిక్యానికి,

ఓర్వలేకపోతున్నానని రాశావు. సరే. తొంభై మూడో ఏట చెల్లెలి చేత ఆ మాట కూడా అనిపించుకున్నాను. హైమవతి నీ ఉత్తరం దాచేయబోయింది. దాచకు, నాలుగు రోజులు పోయాక మళ్లీ చదువుతానన్నాను. మళ్లీ చదివాను, బాధగానే ఉంది. ఆ పలక కూడా నేను పగలగొట్టలేదు, గాడిపొయ్యి గట్టు మీద నువ్వే పెట్టి మర్చిపోయావు.

తోకచుక్క పొద్దున ఏం జరిగిందో అడిగావు కనుక రాస్తాను. చూసింది చూసినట్టు రాస్తాను. ఒక్క అక్షరం ఎక్కువ రాయను, తక్కువ రాయను.

నాన్న ఉప్పు డిపార్టుమెంటులో గుమాస్తా. మేం అప్పుడు ఉప్పుకొటార్ల పక్కన సర్కారు ఇంట్లో ఉన్నాం. సాధారణ నామ సంవత్సరం, వైశాఖం. తెల్లవారకుండానే నాన్న లేపాడు. బయట ఉప్పుమడులన్నీ తెల్లగా ఉన్నాయి, గుట్టలు పోసిన ఉప్పు మీద తాటాకులు కప్పి ఉన్నాయి. సముద్రం వైపు ఆకాశంలో తోక ఉంది. నేను చూసినవాటిలో అంత పెద్దది మళ్లీ లేదు. ఎనభయ్యారులో మళ్లీ వచ్చిందన్నారు గాని నాకు ఏమీ కనబడలేదు. కూలీలు దణ్ణాలు పెడుతున్నారు, ఒకావిడ ఏడుస్తోంది. అమ్మ గుమ్మం దాటి రాలేదు.

పిల్ల నా చంకలో ఉంది. ఎత్తుకోవడానికి నాకు బలం చాలేది కాదు, అయినా ఇంకొకరి చేతికి ఇచ్చేవాణ్ణి కాదు. జారిపోకుండా ఒక చేత్తో పాదం పట్టుకునేవాణ్ణి. అంతకు ముందు చలికాలంలో నీళ్లపొయ్యిలోంచి నిప్పు రాలి ఎడమ పాదం మీద పడింది. చర్మం ఊడి నెల రోజులు మానలేదు. మానాక చింతగింజంత మచ్చ మిగిలింది, ముడుచుకుపోయి గట్టిగా ఉండేది. ఎత్తుకున్నప్పుడల్లా నా బొటనవేలు ఆ మచ్చ మీదే ఉండేది. ఆ పొద్దున కూడా ఉంది. ఆకాశం వైపు చూసి, "అన్నా, చీపురు ఎవరు పారేశారు?" అంది. నాన్న నవ్వాడు. ఏడుస్తున్న ఆవిడ కూడా నవ్వింది.

నేను చూసింది ఇది. ఎవరికి చూపించుకుంటావో చూపించుకో. ఇంతకు మించి నన్ను అడక్కు.

కోదండరామయ్య

మయూర్ విహార్
18 మే 1997

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఓర్వలేవని రాసినందుకు చెంపలు వేసుకున్నాను, నిజంగానే. వైశాలి వస్తే చదివి వినిపించాను. ఉప్పు గుట్టలూ తాటాకులూ ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక తల గోక్కుంది. ఇంత వివరంగా చెప్పే సాక్షి ఇంతవరకూ తనకి దొరకలేదంది. తోకచుక్క వచ్చిన నెల ఎలాగూ అందరికీ తెలిసిందే, కాబట్టి లెక్క సరిపోయిందంది. ఠీక్ హై, సంతకం చేసేద్దాం అని కాగితాలు తీసింది.

అప్పుడు నేను నా చీర కాస్త పైకి తీసి, ఆ మచ్చ చూపిద్దామని ఎడమ పాదం చాపాను.

మచ్చ లేదు. ప్రవల్లికని పిలిచి కళ్లద్దాలు తెప్పించుకుని చూశాను. రెండో పాదమూ చూశాను, నువ్వు కుడి ఎడమలు మర్చిపోయావేమోనని. ముడతలున్నాయి, నరాలున్నాయి, పసుపు రాసీ రాసీ పడిన గారలాంటిది ఉంది. మచ్చ లేదు. నా పాదాలు నేను ఎనభై ఏళ్లు కడుక్కున్నాను గదా, అక్కడ ఎప్పుడూ ఏమీ లేదు.

కంగారు కనబడనీయకుండా వైశాలిని ఊరికే అడిగినట్టు అడిగాను. ఒళ్లు ఎప్పటికప్పుడు కొత్తదవుతుందన్నావు, ఎన్నో ఏళ్లయితే మచ్చలు కూడా పోతాయా అని. ఆ పిల్ల హుషారుగా చెప్పింది. పైచర్మం నెలకోసారి కొత్తదవుతుందట. కాని లోతుగా కాలిన చోట చర్మం మామూలుగా పుట్టదట, అతుకు వేసినట్టు వేరే అల్లిక అల్లుకుంటుందట. పెరిగే పిల్లల్లో ఆ మచ్చ కూడా కాస్త సాగుతుందే తప్ప పోదట. "ఒళ్లంతా బదల్ జాతా హై అమ్మమ్మగారూ, మచ్చ మాత్రం అక్కడే ఉంటుంది" అంది.

సంతకం రేపు పెడతానని చెప్పి పంపించాను. ఇంకా పెట్టలేదు.

మొదట నీకు మతి తప్పిందనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం మళ్లీ చదివాను. తాటాకులు కూడా గుర్తున్నవాడు మచ్చ ఎవరికుందో మర్చిపోడు. ఒక్క అక్షరం ఎక్కువ రాయనన్నావు, తక్కువ రాయనన్నావు. నీ సంగతి నాకు తెలుసు, నువ్వు అబద్ధం ఆడవు. నాకు అమ్మ చెప్పిన కథలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాను. నాన్నకి బదిలీ అయి చినగంజాం వెళ్లక ముందువి ఏవీ నాకు గుర్తు లేవు. అన్నీ విన్నవే. చిన్నపిల్లని కదా, గుర్తుండవులే అనుకున్నాను.

అన్నయ్యా, ఆ రోజు నువ్వు పట్టుకున్న పాదం ఎవరిది?

మాణిక్యం

మయూర్ విహార్
9 జూన్ 1997

అన్నయ్యకి,

మూడు వారాలైంది. జవాబు లేదు. ఎండలు మండుతున్నాయి, నీకు ఒంట్లో ఎలా ఉందోనని దిగులుగా ఉంది. కిరణ్ చేత హైమవతికి ఫోన్ చేయించాను. నాన్న బాగానే ఉన్నాడు, అన్నం సరిగ్గా తినడం లేదు, అత్తయ్య మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్నాడని చెప్పిందట. నాకు తెలిసిపోయిందిలే, పైకి చెప్పడమే మిగిలింది. దానికి తిండి మానడమెందుకు?

మాణిక్యం

కాకినాడ
20 జూన్ 1997

మాణిక్యానికి,

నీకు ముందు ఒక అక్క ఉండేది. ప్లవంగ మాఘంలో పుట్టింది. దాని పేరే మాణిక్యాంబ. తోకచుక్క చూసిన ఏడే శ్రావణంలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి, రెండో రోజుకి పోయింది. అప్పటికి నువ్వు అమ్మ కడుపులో ఉన్నావు. ఆ ఇంట్లో ఉంటే అమ్మ అన్నం ముట్టడం లేదని నాన్న చినగంజాం బదిలీ చేయించుకున్నాడు. అక్కడ నువ్వు పుట్టావు. అదీ మాఘంలోనే. అమ్మ నిన్ను చూసి, "పోలేదురా, వెళ్లి వచ్చింది" అంది. ఆ పేరే పెట్టింది. ఆ ఊళ్లో మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. ఎవరడిగినా ప్లవంగలో పుట్టిందనే చెప్పేది. మనవాళ్లకి తెలుసు గాని అమ్మ మొహం చూసి ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మేనరికం కాబట్టి పెళ్లికి కూడా జాతకాలు ఎవరూ చూడలేదు. కొన్నాళ్లకి అమ్మే నమ్మేసింది. దాని మాటలూ నీ మాటలూ ఆవిడకి ఒకటైపోయాయి.

నాకు ఒకటి కాలేదు.

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు పుట్టిన పురుటి గదిలోకి అమ్మ నన్ను పిలిచి, నీ నెత్తి మీద నా చెయ్యి పెట్టించింది. మొదటిది పోయిందని ఎవరితో అన్నా ఈ పిల్ల కూడా వెళ్లిపోతుందని చెప్పి ఒట్టు వేయించింది. నీ మాడు అప్పుడు మెత్తగా ఉంది, లోపల కొట్టుకోవడం నా అరచేతికి తెలిసింది. అంత పిల్ల తల మీద వేసిన ఒట్టు. నాకు అప్పుడు ఏడో ఏడు. ఇప్పుడు చదువుకున్నవాణ్ణి, లెక్కలు చెప్పినవాణ్ణి, ఒట్లకి మనుషులు పోరని నాకు తెలుసు. కాని ఈ ఉత్తరం రాయడానికి నాకు నెల పట్టింది. అబద్ధపు సాక్ష్యం రాయలేను, నిజం రాస్తే నీ తల మీద ఒట్టు. అందుకే రక్తం ఇవ్వనన్నాను, ఆయువన్నాను, దిష్టన్నాను.

నువ్వు అడిగేశావు. నా వల్ల కాలేదు. దీన్ని పోస్టు చేసిన దగ్గర్నించీ నాకు నిద్ర ఉండదు. అందగానే జవాబు రాయి. ఏమీ రాయక్కర్లేదు, ఉన్నానని రాయి.

అన్నయ్య

మయూర్ విహార్
28 జూన్ 1997

అన్నయ్యకి,

ఉన్నాను. పైన తారీఖు చూసుకో. నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. నిన్న రాత్రి నిద్రపోయాను, పొద్దున్నే లేచాను, పాలబూత్ దాకా నడిచి వెళ్లి వచ్చాను. ఒట్టు తీసి గట్టున పెట్టేశాను, నువ్వు కూడా పెట్టెయ్యి. ఏడేళ్ల పిల్లాడి చేత అలాంటి ఒట్టు వేయించినందుకు అమ్మ మీద కోపం వచ్చింది. కాసేపటికి పోయింది. ఆవిడకి ఎంత కష్టం వస్తే అలా చేసిందోనని ఏడుపు వచ్చింది. ప్రవల్లిక వచ్చి ఏమైందమ్మమ్మా అంది. మా అక్క పోయిందమ్మా అన్నాను. ఎప్పుడు అని కంగారు పడింది. తోకచుక్క ఏడు అని చెప్పాను.

వైశాలిని పిలిపించి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాను. నాకు తొంభై లేదు, ఎనభై ఏడు నడుస్తోందని. ఆ పిల్ల ముఖం చిన్నబోతుందనుకున్నాను. లేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ముసలితనం లెక్కలు వేసేవాళ్లు ప్రపంచమంతా ఇక్కడే బోల్తా పడతారట. నూట పదిహేనేళ్లు, నూట ఇరవయ్యేళ్లు బతికారన్నవాళ్లని తరచి చూస్తే, పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టారని బయటపడుతుందట. ఆ పేరుతో రెండు బతుకులు కలిపి లెక్కేస్తారట. మన అమ్మ ఒక్కతే కాదు అన్నయ్యా, ఎక్కడెక్కడి అమ్మలూ ఇదే చేశారు. ఇది విన్నాక నాకు చాలా నయంగా అనిపించింది.

నియమం నియమమే కాబట్టి నన్ను తీసేసింది. మూడేళ్లాగి రండి అంది. అప్పటికి నిజంగానే తొంభై నడుస్తుంది. కాని ఆదివారాలు రావడం మానను, మీరడిగే ప్రశ్నలు మా ప్రొఫెసర్లు కూడా అడగరు అంది. ఉన్నపళంగా మూడేళ్లు చిన్నదాన్నయ్యానని కిరణ్‌కి చెప్పి మోకాళ్ల నొప్పులు తగ్గాయేమో చూసుకున్నాను. తగ్గలేదు.

నన్ను తొలుస్తున్న సంగతి ఒక్కటుంది. దాన్ని చూసినవాళ్లు భూమి మీద నువ్వు ఒక్కడివే. నేను దాని పేరు పెట్టుకుని, దాని మాట నాదని చెప్పుకుని ఇన్నేళ్లు తిరిగాను, అది ఎలా ఉండేదో మాత్రం నాకు తెలియదు. నీకు గుర్తున్నదంతా నాకు రాయి. ఏం తినేది, దేనికి ఏడ్చేది, నిన్ను ఏమని పిలిచేది. మూడేళ్ల తర్వాత నాకు సాక్ష్యం కూడా నువ్వే చెప్పాలి, అప్పుడు నీకు తొంభై ఆరు నడుస్తుంది. అన్నం తిను.

నేను పోతానేమోనన్న భయం నీకు మళ్లీ రాకుండా వారం వారం కార్డు వేస్తాను.

మాణిక్యం

కాకినాడ
27 జూలై 1997

చిరంజీవి మాణిక్యాన్ని అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ కార్డులు అన్నీ అందాయి. పోస్టుమాన్ పాపయ్య వీధి మొదట్లోనే కార్డు పైకెత్తి చూపిస్తున్నాడు. అన్నం తింటున్నాను, హైమవతిని అడుగు.

గుర్తున్నవి రాస్తున్నాను. నన్ను అన్నా అనేది, చివరి అక్షరం సాగదీసేది. పెరుగన్నం కుండలోంచి చేత్తో తినాలని పేచీ. ఉప్పు కనబడితే నాకేది. అది పుట్టి పెరిగిందే ఉప్పులో కాబట్టి దాన్ని ఆపడం ఎవరి వల్లా అయ్యేది కాదు. జుట్టు రాగిరంగు. నీకు లాగే కోపం ఎక్కువ, కాని అది తొందరగా నవ్వేసేది. నువ్వు నవ్వడానికి సమయం తీసుకుంటావు. చూశావా, మీరిద్దరూ ఒకటి కాదని నాకు ఎప్పుడూ తెలుసు. ఇన్నేళ్లకి ఈ మాట ఒకరితో అనగలిగాను.

నిన్న హైమవతి పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. మీ అక్క గురించి హైమవతికి చెప్పాను.

రక్తం తీయించాను. మూడేళ్లకి నీ రక్తం పక్కన పెట్టి చూడటానికి సిద్ధంగా ఉండనీ అని. వైశాలికి చెప్పు, కణాలు ఎన్నిసార్లు చీలాయో నాకు కూడా తెలియజేయమని. నాకూ చూడాలనిపిస్తోంది.

అన్నయ్య

మయూర్ విహార్
10 ఆగస్టు 1997

అన్నయ్యకి,

ఈ వారం కార్డు. పేపర్లో చూశావా, ఫ్రాన్సులో నూట ఇరవై రెండేళ్ల ఆవిడ పోయిందట. ఆవిడ వయసు సరైనదేనని కాగితాలన్నీ వెతికి తేల్చారట. ఆవిడకి అక్కలెవరూ లేరా అని వైశాలిని అడిగాను. అది కనుక్కుని చెబుతానంది.

మొన్న శ్రావణ శుక్రవారం పూజ చేసుకుని, ఒక చిన్న గిన్నెలో పెరుగన్నం, దాని పక్కన చిటికెడు ఉప్పు విడిగా పెట్టాను. ఎవరికమ్మమ్మా అని ప్రవల్లిక అడిగింది. చెప్పాను. తర్వాత ఆ ఉప్పు నేనే నాకాను. బాగుంది అన్నయ్యా.

దానికి రెండున్నర. నాకు ఎనభై ఏడు నడుస్తోంది. ఇక్కడ ఇద్దరం క్షేమం.

మాణిక్యం